పొయ్యికొక టిక్కెట్టు

బెజవాడ,
వ్యయ నామ సంవత్సర ఆశ్వయుజ బహుళ విదియ.

చిరంజీవి సౌభాగ్యవతి ఛాయాదేవికి నీ భర్త ఆదిశేషయ్య ఆశీర్వదించి వ్రాయు సంగతులు.

ఇక్కడ అన్నయ్య, వదిన, పిల్లలు క్షేమం. అమ్మ కూడా క్షేమమే. అయితే ఇది నేను కళ్ళతో చూసి రాస్తున్న సంగతే కాని ఆమె చెప్పగా రాస్తున్నది కాదు. ఆమె నాతో మాట్లాడి నేటికి తొమ్మిది రోజులు. అన్నం వడ్డిస్తుంది, మజ్జిగ పోస్తుంది, తిన్నది చాలునా అన్నట్టు విస్తరి వైపు చూస్తుంది. మాట మాత్రం లేదు. కారణం ఈ ఉత్తరం చివరలో తెలియజేయగలవాడను. ఇక నా క్షేమం గురించి ఇంట్లో ఎవరూ విచారించనందున అది ఎక్కడా నమోదు కాలేదు.

తెనాలి నుంచి బెజవాడకు ఒక పూట ప్రయాణమని మనం అనుకునేవాళ్ళం. నీ ఉత్తరం పదిహేడు రోజులు ప్రయాణం చేసి మొన్న అందింది. కవరు తడిసి ఆరినట్టుంది. నా పేరు చెదిరిపోయింది గాని ఊరు పేరు నిలిచింది. నువ్వు పుట్టింటికి వెళ్ళిన ఎనిమిది నెలల్లో వచ్చిన మూడో ఉత్తరమిది. అందులో నువ్వు వేసినవి కూడా మూడు ప్రశ్నలే. నాకు అన్నం ఎవరు వండి పెడుతున్నారని ఒకటి. నీ ట్రంకు పెట్టె తడిసిందా అని ఒకటి. వేరు పొయ్యి సంగతి మా అమ్మ ఇప్పటికీ కాదనే అంటోందా అని ఒకటి.

రెండోదానికి జవాబు సులభం గనుక ముందుగా రాస్తున్నాను. మన వీధిలోకి వరద నీళ్ళు రాలేదు. పెట్టె తడవలేదు. ముందుజాగ్రత్తగా దానిని ధాన్యపు గాదె మీదికి ఎక్కించాను, ఇంకా దించలేదు. తాళం నీ దగ్గరే ఉన్నది కాబట్టి లోపలి వస్తువుల స్థితిని గురించి నేను ఏమీ చెప్పజాలను.

ఇక అన్నం సంగతి. వినాయక చవితి వెళ్ళిన నాలుగో నాడు కట్టలు తెగాయి. ఆ మరునాటికే నాకొక ఉద్యోగం వచ్చింది. వరద సహాయ సంఘం వారు నన్ను తాత్కాలిక తనిఖీదారుగా నియమించారు. తాత్కాలికమన్న మాట వరదకు వర్తిస్తుందా, తనిఖీకి వర్తిస్తుందా, నాకు వర్తిస్తుందా అన్నది ఉత్తర్వులో లేదు. తక్కిన తనిఖీదారులకు ఒక్కొక్క రిజిష్టరు ఇచ్చారు. నాకు ఆనర్సు పట్టా ఉన్నందున రిజిష్టరుతో పాటు గొడుగు కూడా ఇచ్చారు.

నన్ను పడవలో తీసుకువెళ్ళి కంకిపాడు అవతల కాలవ కట్ట మీద దించారు. కట్టకు ఇటు నీళ్ళు, అటు నీళ్ళు. ఇళ్ళ కప్పులు మాత్రం తేలుతున్న గడ్డివాముల్లా కనిపించేవి. మూడు పల్లెల మనుషులు ఆ కట్ట మీద ఉన్నారు. అందరికీ నా హోదా తెలుసు, పేరు ఎవరికీ తెలియదు. సాయంత్రమయితే ఎవరి వాళ్ళతో వాళ్ళు కూర్చునేవారు. నేను గొడుగుతో కూర్చునేవాణ్ణి.

అక్కడ గంజి కేంద్రం నడిపినవాడు అంతోని అనే మనిషి. చర్చి వారు పంపిన వంటవాడు. మొదటి మూడు పూటలూ నేను తినలేదు. వాళ్ళ చేతి వంట మనం తినవచ్చునా అనే విషయమై ఇంట్లో అమ్మ అభిప్రాయం నీకు తెలుసు. నాలుగో పూట అంతోని ఒక ముంత తెచ్చి నా ముందు పెట్టాడు.

"అయ్యగారూ, మీరు తింటారో తినరో నాకు తెలీదు. అడిగితే మీకు మొగమాటం, అడక్కపోతే నాకు పాపం. ఇదిగో, ముంత ఇక్కడ పెట్టి నేను అటు తిరుగుతున్నా" అన్నాడు.

అతను ఇటు తిరిగేసరికి ముంత ఖాళీ. యూనివర్సిటీలో అన్నేళ్ళు చదివినా రాని విశాల దృక్పథం మూడు పూటల పస్తుతో వచ్చింది. కాబట్టి నీ ప్రశ్నకు జవాబు: అంతోని వండి పెట్టాడు, నెల రోజులు తిన్నాను, ఉప్పు సరిపోయేది. వదినకు మాత్రం రాయవద్దు.

మూడో ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు సహాయ నిబంధనల్లో నాలుగో పేరా నీకు తెలియాలి. అది ఇది: 'కుటుంబమనగా ఒకే పొయ్యి మీద వండుకొని భుజించువారు. కుటుంబమునకొక టిక్కెట్టు. టిక్కెట్టుకు దినమునకు రెండు శేర్ల బియ్యము. టిక్కెట్టు గలవారికి గంజి ఇయ్యరాదు.' రాసినవారు మేడ మీద కూర్చుని రాసి ఉంటారు. పల్లెల్లో పొయ్యిలు మట్టివి. వరద వచ్చిన మొదటి గంటలోనే కరిగిపోయాయి. ఆ విధంగా మూడు పల్లెల్లోనూ ఒక్క కుటుంబమైనా లేదని, కనుక సహాయం పొందదగినవారు ఎవరూ లేరని తేలింది. ఈ చిక్కును నేను పై కచేరీకి రాశాను. జవాబు నాలుగు రోజులకు వచ్చింది. 'నిబంధన స్పష్టముగానే యున్నది. పొయ్యిలు వేయించి తనిఖీ చేయునది.'

వేయించాను. మట్టికి కొదవ లేదు, వరద ఇచ్చిపోయిందల్లా అదే. రోజూ తెల్లవారగానే నేను వరుసగా ఒక్కొక్క పొయ్యి దగ్గరా గొంతుకూర్చుని బూడిదలో మూడు వేళ్ళు పెట్టేవాణ్ణి. వెచ్చగా ఉంటే కుటుంబం ఉన్నట్టు. చల్లగా ఉంటే లేనట్టు. ఆ వేళ్ళ గోళ్ళ సందుల్లో బూడిద ఇంకా ఉంది.

పొయ్యిలు వచ్చాయి, మరి నిప్పు? యుద్ధం ముగిసి ఏడాది దాటినా అగ్గిపెట్టెలు దొరకడం లేదు కదా, ఉన్న కాసినీ తడిసిపోయాయి. ఆ కట్ట మీద నిప్పు ఉన్నది ఒక్క రాఘవమ్మ దగ్గరే. ఈమె సాలెవారి ఇంటి పెద్ద. భర్త లేడు. నలుగురు కొడుకులు, నలుగురు కోడళ్ళు, మనుమలు కలిసి పద్నాలుగు మంది. ఇంట్లో నాలుగు మగ్గాలు. నీళ్ళు వచ్చిన నాడు అందరూ బిందెలు, పెట్టెలు కప్పుల మీదికి చేరవేసుకుంటే ఈమె తన పొయ్యిలోని నిప్పులు కుంపట్లోకి తీసుకుంది. మీద బూడిద కప్పి, బుట్ట బోర్లించి, ఒడిలో పెట్టుకుని ఒక పగలూ ఒక రాత్రీ కప్పు మీద కూర్చుంది. మగ్గాలు మునిగాయి, కుంపటి మునగలేదు. కట్ట మీది పొయ్యిలన్నీ ఆ కుంపటితో వెలిగినవే. ఎవరు పెంకు పట్టుకుని వచ్చినా పటకారుతో ఒక నిప్పు తీసి అందులో వేసేది. "ఆర్పుకున్నావో, మళ్ళీ నా దగ్గరికి రామాక" అనేది. మళ్ళీ వస్తే మళ్ళీ వేసేది. అంతోని గాడిపొయ్యి కూడా అలా వెలిగిందే.

ఇద్దరున్న పొయ్యికీ రెండు శేర్లే, పద్నాలుగు మంది ఉన్న పొయ్యికీ రెండు శేర్లే. ఈ మర్మం ప్రజలు గ్రహించడానికి ఒక్క రోజు పట్టింది. అన్నదమ్ములు విడిపోయారు, తండ్రీ కొడుకులు విడిపోయారు, వారం తిరిగేసరికి పొయ్యిలు రెట్టింపయ్యాయి. ఒక మొగుడూ పెళ్ళాం కూడా చెరొక పొయ్యి వేశారు. టిక్కెట్టు కోసమనుకుని నేను మందలించాను. నిజంగానే పోట్లాడుకున్నారని తర్వాత తెలిసింది.

రాఘవమ్మ మాత్రం రెండో పొయ్యి వేయనివ్వలేదు. నేనే వెళ్ళి చెప్పాను.

"అమ్మా, కాగితం కోసం. నాలుగు పొయ్యిలు వేసుకుంటే ఎనిమిది శేర్లు వస్తాయి."

"కాగితం కోసమైతే మాత్రం పొయ్యి పొయ్యి కాదా నాయనా?" అంది. "ఇయ్యాల పొయ్యి చీలితే రేపు మగ్గం మీద పడుగు చీలుద్ది. పడుగు పట్టే చేతులన్నీ ఒక కుండలోది తినాల. నే బతికుండగా మా ఇంట్లో రెండో పొయ్యి రాజుకోదు."

నిబంధనలకు కట్టుబడినవాడుగా నాకు ఆమె మీద గౌరవం కలిగింది. రెండు శేర్లు రాసుకుని వచ్చేశాను.

ఆ ఇంటి కడగొట్టు కోడలు నాగమల్లేశ్వరి. చంటిపిల్ల తల్లి, పిల్లకు అయిదో నెల. మగవాళ్ళు, పిల్లలు, పెద్ద కోడళ్ళు తిన్నాక కుండ ఈమె దగ్గరికి వచ్చేది. ఒక మధ్యాహ్నం నేను అటుగా వెళుతూ చూశాను. ఖాళీ కుండలో నీళ్ళు పోసి, చేత్తో చుట్టూ తిప్పి, ఆ నీళ్ళు తాగింది. ఒళ్ళో పిల్ల ఏడుస్తోంది, ఆ ఏడుపులో బలం లేదు. మన ఇంట్లో పదకొండు మందిలో నువ్వు ఎప్పుడూ చివర తినేదానివని నాకు అప్పుడు జ్ఞాపకం వచ్చింది. నువ్వు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ సంగతి తోచలేదు.

మరి రెండు రోజులకు తనిఖీకి వెళితే వరుస చివర కొత్త పొయ్యి ఒకటి కనిపించింది. అంచున ఉన్న బూడిదలో వేళ్ళు పెట్టాను. వెచ్చగా ఉంది. పొయ్యి మీద కుండ, కుండలో ఉత్త నీళ్ళు మరుగుతున్నాయి. వెనక నాగమల్లేశ్వరి పిల్లనెత్తుకుని కూర్చుంది.

"పొయ్యి ఉందిగా. బూడిద వెచ్చగానే ఉందిగా. రాసుకోండి" అంది, తలెత్తకుండా.

"కుటుంబంలో ఎంతమంది?"

"నేనూ, ఇదీ."

"మీ ఆయనది ఏ పొయ్యి?"

"ఆయన్నే అడగండి."

ఆయన పేరు ఏడుకొండలు. తల్లి పొయ్యికీ పెళ్ళాం పొయ్యికీ నడుమ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమయ్యా, ఎటు?" అన్నాను.

"ఎటు కూర్చున్నా పొగ నా మొగానికే కొడతందండి. అందుకని నిలబడ్డా."

"ఎంతసేపు నిలబడతావు?"

"గాలి మారిందాకా చూద్దామని."

నిలబడి ఉన్న మనిషిని రాయడానికి రిజిష్టరులో గడి లేదు. అతణ్ణి చూసి నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదనో తెలియడానికి ఆ పూటంతా పట్టింది.

ఇంతలో రాఘవమ్మ తన పొయ్యి దగ్గర నుంచే గొంతెత్తింది. "చూశారా అందరూ! ఇంట్లో కుంపటి ఉండగా నా కోడలు పోయి అంతోని పొయ్యిలో నిప్పు తెచ్చుకుంది. ఇంటి నిప్పు చేదైంది, పరాయి నిప్పు తీపైంది!"

అంతోని గంజి కలుపుతున్న తెడ్డుతోనే వచ్చాడు. "పరాయి నిప్పు ఏడదమ్మా? నా పొయ్యి ముట్టించిందెవరు? నువ్వు కాదూ? ఈ చివర నుంచి ఆ చివర దాకా చూడు, అన్నీ నీ కుంపట్లోయ్యే. ఊరు ఊరంతా నీ నిప్పుతో వండుకు తింటంటే, నీ కోడలొక్కతే పరాయిదయిందా?"

"నువ్వు గంజి మాడకుండా చూసుకో, నాకు సుద్దులు చెప్పమాక" అంది రాఘవమ్మ. చాలాసేపు కుంపటి వైపే చూస్తూ కూర్చుంది.

పొద్దు వాలుతుండగా లేచింది. పటకారుతో తన పొయ్యిలోంచి ఒక పెద్ద నిప్పు పట్టుకుని కట్ట పొడుగునా నడిచి వచ్చింది. అందరూ చూస్తున్నారు. కోడలి పొయ్యిలోని కొరువులు లాగి పక్కన పడేసి, తాను తెచ్చిన నిప్పు పెట్టి, నాలుగు పుల్లలు వేసి ఊదింది. మంట లేచాక నా వైపు తిరిగింది.

"ఇప్పుడిది మా పొయ్యే. రెండు చోట్ల మండతంది, అంతే. రాసుకో నాయనా." తర్వాత కొడుకుతో అంది, "కూర్చోరా ఎదవా, కాళ్ళు నొప్పుట్టలా?"

అతను పెళ్ళాం పక్కన కూర్చున్నాడు. ఆ పిల్ల అత్తగారి వైపు చూడకుండానే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను టిక్కెట్టు రాశాను. ఆ పూట నాగమల్లేశ్వరి తన కుండలోది మొదట తాను తిన్నది. రాఘవమ్మ తినమని నిలబడి తినిపించింది.

నేను ఊరుకోలేక, "అమ్మా, ఈ మాట ముందే ఒప్పుకుంటే ఆ పిల్లకు ఇన్నాళ్ళు పస్తు తప్పేది కదా" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నన్నడిగిందెవరు? నువ్వు వచ్చి టిక్కెట్లని అడిగావు, శేర్లని అడిగావు. నా కొడుకు ఒక్క పూట నా దగ్గరికొచ్చి, అమ్మా, దానికి ఆకలేస్తందే అని అడిగాడా? అడిగితే కాదంటానా? అడక్కుండానే నేను కాదంటానని ఆడే అనుకుని, దానికి ఆడే చెప్పుకున్నాడు."

ఛాయా, ఇక నీ మూడో ప్రశ్న.

పోయిన మాఘంలో, వీధి చివర వెంకటప్పయ్యగారి వెనక గదులు రెండూ ఖాళీగా ఉన్నాయని, అక్కడ మనం వేరు పొయ్యి పెట్టుకుందామని నువ్వు అడిగావు. 'మీ అర్జీ అందినది, పరిశీలించబడుచున్నది' అని నేను హాస్యమాడాను. నువ్వు నవ్వలేదు. నాలుగో నాడు, అమ్మను అడిగాననీ, ఆమె వల్లకాదన్నదనీ చెప్పాను. నువ్వు ఒక్క మాటా అనకుండా ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టి తెనాలి రైలెక్కావు. వీధి గుమ్మంలో ఆమె, 'పిల్ల ఎందుకో బాగా చిక్కింది, నాలుగు రోజులుండి రానీ' అన్నది.

నేను అమ్మను అడగలేదు. ఆ నాలుగు రోజుల్లోనూ అడగలేదు, ఈ ఎనిమిది నెలల్లోనూ అడగలేదు. నీ అర్జీ నా దగ్గరే ఆగిపోయింది, పైకి పోలేదు. ఆమె కాదంటుందని నేనే అనుకుని, నేనే నీకు చెప్పాను. ఆమెకు తెలియని మాటను ఆమె నోట పెట్టాను. నువ్వు ఇన్నాళ్ళూ కోపగించవలసింది ఆమె మీద కాదు. నీ ఉత్తరాల్లో మా అమ్మకు నమస్కారాలు రాయడం మానేశావు. ఉత్తరం చదివి వినిపించేటప్పుడు నేనే వాటిని కలిపి చదివేవాణ్ణి. ఇది రెండో నేరం.

కట్ట చుట్టూ నీళ్ళు తీశాక కేంద్రం మూసేశారు. గొడుగు తిరిగి పుచ్చుకున్నారు. దుర్గాష్టమి నాడు ఇల్లు చేరాను. ఊరంతా కొండ మీదికి పోతోంది, అన్నయ్యా వదినా పిల్లల్ని తీసుకుని వెళ్ళారు. ఇంట్లో అమ్మా నేనూ మిగిలాం. వంటింటి గుమ్మంలో కూర్చుని మొత్తం చెప్పాను. ఆమె పప్పు కడుగుతోంది. చేయి ఆగింది.

"అయితే ఎనిమిది నెలల నుంచి ఆ పిల్ల దృష్టిలో నేను రాక్షసినన్నమాట" అంది.

"కాదమ్మా" అన్నాను.

"నేనననిది నా చేత అనిపించావు. నీకు చదువు చెప్పించింది ఇందుకా?" అంది. పప్పు కడగడం పూర్తి చేసింది. ఆ తర్వాత మాట్లాడలేదు. అందుకే పైన రాశాను, తొమ్మిది రోజులని.

ఈ లోపల నేను చేసిన పని ఒకటి ఉంది. వెంకటప్పయ్యగారి గదులు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. తీసుకున్నాను. అందులో పొయ్యి నా చేతులతో నేనే వేశాను. వందల పొయ్యిలు తనిఖీ చేసినవాడికి వేయడం కూడా వస్తుందనుకున్నాను. అది కొంచెం ఎడమవైపు ఒరిగింది. పొద్దున్నే అలవాటు చొప్పున వెళ్ళి అందులో మూడు వేళ్ళు పెట్టి చూస్తున్నాను. బూడిద లేదు, వెచ్చదనం లేదు. నాలుగో పేరా ప్రకారం అక్కడ కుటుంబం లేదు. ఇక్కడ ఇంట్లో పది మంది తినే పొయ్యి రోజూ మండుతూనే ఉంది గాని, దాని దగ్గర నాతో మాట్లాడేవారు లేరు. నేను ఏ పొయ్యికి చెందుతానో రాయవలసివస్తే నా దగ్గర గడి లేదు. ఏడుకొండలు మీద అనవసరంగా కోపగించాను.

నిన్ను రమ్మని ఈ ఉత్తరంలో రాయడం లేదు. ఆ అధికారం నేను పోగొట్టుకున్నాను. నిజం మాత్రం నీకు చేరాలని రాస్తున్నాను. చదివి నువ్వు ఏమి నిర్ణయించినా అది సబబే.

ఒక్క సంగతి మాత్రం మిగిలింది. అమ్మ అలవాటు నీకు తెలుసు. వంట కాగానే పొయ్యిలో నీళ్ళు చిలకరించి, బొగ్గులు ఏరి డబ్బాలో పోసుకుంటుంది. ఇరవై ఏళ్ళుగా ఒక్క నాడు తప్పలేదు. మొన్న నీ ఉత్తరం వచ్చింది. ఈసారి ఏమీ కలపకుండా, నమస్కారాలు లేకుండా, ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాను. ఆమె విని లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఆనాటి నుంచి నీళ్ళు చిలకరించడం మానేసింది. నిప్పుల మీద బూడిద కప్పి, పైన మూకుడు బోర్లించి ఉంచుతోంది.

అర్థం నేనే ఊహించుకుని నీకు రాసేద్దామనుకున్నాను. అది నా పాత నేరం గనుక మానుకుని, ఉత్తరం ఇక్కడ ఆపి, ఇప్పుడే వెళ్ళి అడిగాను.

"ఎందుకమ్మా, నిప్పు దాస్తున్నావు?"

ఆమె నా వైపు తిరగలేదు. మూకుడు సరిచేస్తూ అంది. "ఎవరైనా నిప్పుకొస్తారేమోనని."

ఈ తొమ్మిది రోజుల్లో ఆమె నాతో అన్నది ఇంతే. ఇందులో నేను కలిపింది లేదు, తీసివేసింది లేదు. అడిగి, విని, రాస్తున్నాను.

మామగారికీ అత్తగారికీ నా నమస్కారాలు. ఇవి నిజంగా నేను చెప్పినవే.

ఇట్లు,
నీ జవాబుకు ఎదురుచూచు భర్త,
ఆదిశేషయ్య